తోడేళ్లు తిరిగొచ్చాక వన్యప్రాణి శాఖల మీద నమ్మకం ఎక్కడ చెడింది? (కొలరాడో, ఎల్లోస్టోన్, విస్కాన్సిన్)

మేతభూమి
అమెరికా తోడేళ్ల మీద ఏ థ్రెడ్ మొదలైనా రెండో పేజీకల్లా "తోడేలు కావాలా వద్దా" అనే తగాదాలోకి దిగుతోంది. ఇది దానికోసం కాదు. పశువులు పెంచేవాళ్లు, వేటగాళ్లు, తోడేళ్ల తరఫున మాట్లాడేవాళ్లు... ముగ్గురూ మూడు వైపుల నుంచి వన్యప్రాణి శాఖల మాట నమ్మలేమంటున్నారు. ఎందుకో తేదీలతో, లెక్కలతో మాట్లాడుకుందాం.

కొలరాడోతో మొదలుపెడతాను. 2020 నవంబరులో తోడేళ్లను తిరిగి తేవాలా అని ఓటర్ల ముందు పెట్టిన 114వ ప్రతిపాదన 50.91 శాతం ఓట్లతో గట్టెక్కింది. తేడా సుమారు 57 వేల ఓట్లు. 2023 డిసెంబరు 31లోగా కాంటినెంటల్ డివైడ్‌కి (నదులు తూర్పుకి, పడమటికి విడిపోయే కొండల గీతకి) పడమట తోడేళ్లను వదలడం మొదలుపెట్టాలని అది చట్టమైంది. గెలిపించింది డెన్వర్, బౌల్డర్ వైపు ఓట్లు. పడమటి వాలులో పిట్కిన్, సమ్మిట్ లాంటి కొన్ని తప్ప ఎక్కువ కౌంటీలు వద్దన్నాయి. మొదటి ఐదు తోడేళ్లు 2023 డిసెంబరు 18న దిగింది మాత్రం వద్దన్న గ్రాండ్ కౌంటీలో. అదే వారంలో మరో ఐదు వచ్చాయి. పదీ ఒరెగాన్‌వే.

ఓటు కోపం ఒకటైతే, దాని మీద ఇంకొకటి పడింది. పశువుల మీద పడే అలవాటున్న గుంపుల జోలికి పోరని అక్కడివాళ్లు అనుకున్నారు. వదిలాక చూస్తే రెండు తోడేళ్లు ఫైవ్ పాయింట్స్ గుంపువి. ఆ గుంపు ఒరెగాన్‌లో పశువుల్ని చంపినట్టు అప్పటికే రికార్డుల్లో ఉంది. ఈ సంగతి శాఖ ముందుగా చెప్పలేదు, పత్రికలవాళ్లు తవ్వి తీశారు. నా దృష్టిలో నమ్మకం చెడింది అక్కడే. మీరేమంటారు?

కొండవాలు
మేతభూమి గారూ, ఆ విషయంలో శాఖ ఇచ్చిన జవాబు కూడా పెట్టాలి. పశువుల మధ్య తిరిగే ఏ గుంపుకైనా ఎంతో కొంత అలాంటి చరిత్ర ఉంటుందని, పదేపదే చంపడం వేరని కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అంది. జీవశాస్త్రం ప్రకారం అది తప్పు కాదు. ఒరెగాన్‌లో పశువుల వాసన తెలియని గుంపు దొరకడం కష్టమే. ఆ మాట డిసెంబరు 17న చెప్పి ఉంటే జాగ్రత్త అనిపించుకునేది. వదిలేశాక చెప్పారు కాబట్టి సంజాయిషీ అయింది.

నాకు దానికంటే పెద్ద దెబ్బ అనిపించేది కాపర్ క్రీక్ అనే తోడేళ్ల గుంపు వ్యవహారం. 2024 ఏప్రిల్ నుంచి గ్రాండ్ కౌంటీలో వరసగా పశువులు చనిపోయాయి. పశువుల యజమాని ఆ తోడేళ్లను చంపడానికి అనుమతి అడిగారు. ఆ జంటకు పిల్లలున్నాయి, మగది పోతే ఆడది, పిల్లలు బతకవు అని శాఖ నిరాకరించింది. ఆగస్టు చివర్లో మొత్తం గుంపునే పట్టడం మొదలుపెట్టారు. రెండు పెద్దవి, నాలుగు పిల్లలు దొరికాయి. మగది పట్టుబడిన కొద్ది రోజులకే చనిపోయింది, దాని ఒంట్లో అంతకుముందే తగిలిన తూటా గాయం ఉంది. తల్లిని, నాలుగు పిల్లల్ని కొన్నాళ్లు ఆవరణలో ఉంచి, 2025 జనవరిలో బ్రిటిష్ కొలంబియా నుంచి తెచ్చిన 15 తోడేళ్లతో పాటు వేరే చోట వదిలేశారు. మే నెలలో పిట్కిన్ కౌంటీలో మళ్లీ పశువులు చనిపోయాయి. నెలాఖరులో ఆ గుంపులోని ఏడాది వయసు మగదాన్ని శాఖే చంపింది.

ఇందులో ఏ ఒక్క నిర్ణయాన్నైనా విడిగా సమర్థించవచ్చు. కానీ రాష్ట్ర తోడేళ్ల ప్రణాళిక ఏమంటోందో చూడండి. పశువుల్ని చంపే తోడేళ్లను రాష్ట్రంలో ఇంకో చోటికి తరలిస్తే సమస్యను కూడా వాటితో పాటే తరలించినట్టవుతుందని అందులో రాసి ఉంది. రెండేళ్లు కూర్చుని రాసుకున్న కాగితాన్ని మొదటి కష్టం రాగానే పక్కన పెడితే, రేపు మిగతా పేజీలను ఎవరు నమ్ముతారు?

చెట్టునీడ
తోడేళ్ల వైపు నుంచి చూసినా అదే ప్రశ్న. అక్కడ మొదటి సీజన్లో ప్రాణాంతకం కాని (తోడేళ్లను చంపకుండా దూరం పెట్టే) పద్ధతులు సగం సగంగానే అమలయ్యాయి. పశువుల కళేబరాల గుంతలు తెరిచి ఉన్నాయని విమర్శ వచ్చింది. చచ్చిన పశువులు పడేసిన చోటికి తోడేళ్లు ఒకసారి అలవాటు పడితే, పక్క పొలంలో ఈనుతున్న ఆవులు వాటి దారిలో పడతాయి. తోడేళ్లను వదలడానికి ముందే ఆ కౌంటీల్లో గుంతలు పూడ్చే పని, రేంజ్ రైడర్లను (మేతభూముల్లో తిరుగుతూ మందను కాసేవాళ్లను) పెట్టే పని అయిపోయి ఉండాల్సింది. వదిలాక మొదలుపెట్టారు.

అడుగుజాడ
పైన అందరూ "పశువులు చనిపోయాయి" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. తోడేలే చంపిందని తేల్చడం ఎంత కష్టమో తెలిస్తే సగం గొడవ ఎక్కడ పుడుతోందో అర్థమవుతుంది. దర్యాప్తు ఎలా జరుగుతుందో రాస్తాను.

కళేబరం దొరగ్గానే దాన్ని కదపకూడదు, ఈడ్చకూడదు. టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువులు పెట్టాలి. లేకపోతే రాబందులు, కాకులు, కొయోటీలు (తోడేలు కంటే చిన్నవైన అడవి కుక్కజాతి జంతువులు) గంటల్లో ఆధారం తినేస్తాయి. కుక్కల్ని కట్టేయాలి. చుట్టుపక్కల నేల మీద ఎవరూ నడవకుండా, కనిపించిన అడుగుల మీద బకెట్లు బోర్లించాలి. జీపీఎస్ గుర్తు, ఫోటోలు, ఆఖరిసారి ప్రాణంతో చూసిన సమయం రాసుకుని ఫోన్ చేయాలి.

అధికారి వచ్చాక చేసే అసలు పని చర్మం ఒలవడం. ఒక వైపు కాదు, రెండు వైపులా, మెడ నుంచి తొడల దాకా. పైనుంచి చూస్తే చిన్న పంటి గాటు కూడా కనబడకపోవచ్చు. ఒలిచాక చర్మం లోపలి వైపున, దాని కింది కండరంలో నల్లగా, జిగటగా గడ్డకట్టిన రక్తం కనిపిస్తే, కాటు పడినప్పుడు గుండె కొట్టుకుంటోందని అర్థం. చచ్చాక కొరికితే ఆ కమిలిన మచ్చ రాదు, చీలిక మాత్రమే ఉంటుంది. తోడేలు కాట్లు ఎక్కువగా తొడల వెనక, గజ్జల్లో, ముందుకాళ్ల చంకల్లో ఉంటాయి. పై కోరపళ్ల మధ్య దూరం కొయోటీకి అంగుళంపావు దగ్గర, తోడేలుకి రెండంగుళాల దగ్గర. ఈ కొలతను చర్మం లోపలి వైపు నుంచి తీయాలి. కాటు గాయం నుంచి దూదిపుల్లతో ఉమ్మి నమూనా తీసి డీఎన్‌ఏకి పంపవచ్చు. అయితే ఎండ తగిలినా, చంపినదాన్ని ఇంకో జంతువు తిన్నా ఆ నమూనా పనికిరాదు.

ఇదంతా చూసి నాలుగు మాటల్లో ఒకటి రాస్తారు: నిర్ధారణ, బహుశా, తేల్చలేం, తోడేలు కాదు. కళేబరం వెచ్చని రోజున 24 గంటలు దాటితే చాలాసార్లు "తేల్చలేం" దగ్గరే ఆగుతుంది. కళ్లెదుట పశువు పోయినవాడికి ఆ మాట "నీ మాట నమ్మం" అన్నట్టు వినిపిస్తుంది. అధికారి నిజాయతీగా రాసినా సరే. రెండు రోజులు ఆలస్యంగా వచ్చి "ఆధారం లేదు" అంటే ఇక చెప్పేదేముంది!

లెక్కలపుస్తకం
అడుగుజాడ చెప్పినదానికి ఇంకో పొర ఉంది. అసలు కళేబరమే దొరక్కపోతే? ఐడహోలో సామన్ దగ్గరి అడవి మేతభూముల్లో దూడలకు రేడియో ట్యాగులు పెట్టి చేసిన పరిశీలన ఒకటి 2003లో వచ్చింది. తోడేళ్లు చంపిన ప్రతి ఎనిమిది దూడల్లో యజమానికి దొరికేది ఒకటే కావచ్చని అందులో తేలింది. ఆ కొండల్లో చెట్లు ఎక్కువ, వాలు ఎక్కువ. చదునైన పొలంలో ఇదే నిష్పత్తి వాడితే తప్పు. కానీ నష్టపరిహార చట్టాల్లో కనిపించే "రెట్టింపు" సూత్రాలకు మూలం ఇలాంటి లెక్కలే. వయోమింగ్‌లో కొన్ని పరిస్థితుల్లో ఒక్క నిర్ధారిత దూడకు ఏడు రెట్ల వరకు చెల్లిస్తారు.

కొలరాడోలో ఒక్కో పశువుకు 15 వేల డాలర్ల దాకా సంత విలువ ఇస్తారు. అక్కడితో ఆగదు. తప్పిపోయిన దూడలు, తగ్గిన బరువు, చూలు కట్టని ఆవులు కూడా లెక్కలోకి వస్తాయి. బెదిరిన మంద మేత మానేసి ఒకచోట ముద్దగా నిలబడుతుంది, రాత్రంతా తిరుగుతుంది. అమ్మకం రోజున ఒక్కో దూడ బరువులో అది తేలుతుంది. 2025 మార్చిలో రెండు రాంచ్‌లకు (పశువుల క్షేత్రాలకు) కలిపి దాదాపు 3.43 లక్షల డాలర్లు మంజూరయ్యాయి. ఆ నిధికి ఏడాదికి పెట్టిందే 3.5 లక్షలు! ఓటింగ్‌కు ముందు పంచిన సమాచార పుస్తకంలో మొత్తం కార్యక్రమానికే ఏడాదికి 8 లక్షల డాలర్ల దాకా అవుతుందన్నారు. అసలు ఖర్చు దానికి కొన్ని రెట్లు అయింది. అంకె తప్పడం ఒక ఎత్తు. ఎందుకు తప్పిందో శాఖే ముందుగా వచ్చి చెప్పకపోవడం ఇంకో ఎత్తు.

ఎల్క్‌దారి
డబ్బు మాట వచ్చింది కాబట్టి వేటగాళ్ల వైపు కోపం ఎక్కడిదో చెప్పాలి. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ల మీద 10 శాతం ఎక్సైజ్ పన్ను వసూలై రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. దానికి తోడు లైసెన్సు ఫీజులు. ఎల్క్ (పెద్ద జింక) వేట పర్మిట్ అమ్ముకుని బతికే శాఖ, ఎల్క్‌ను తినే జంతువును తెచ్చి వదిలితే వేటగాడికి ఎలా ఉంటుంది? ఇది గమనించే కొలరాడో శాసనసభ 2021లో తోడేళ్ల కార్యక్రమానికి వేట, చేపల లైసెన్సుల డబ్బు వాడకూడదని చట్టం చేసింది. చాలామందికి ఈ సంగతి తెలియదు, ఇప్పటికీ "మా లైసెన్సు డబ్బుతో తోడేళ్లు" అనే అంటున్నారు. శాఖ కూడా ఏ పద్దు నుంచి ఎంత వాడిందో ఒక్క పేజీలో పెట్టి ప్రతి మూడు నెలలకు చూపిస్తే ఆ మాట ఎప్పుడో ఆగిపోయేది.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని ఉత్తర ఎల్క్ మంద గురించి కూడా ఒక మాట. 1990ల మొదట్లో 19 వేల దాకా ఉన్న ఎల్క్‌లు 2013 నాటికి 4 వేల లోపుకి పడ్డాయి. ఇది నిజం, ఎవరూ కాదనలేరు.

చెట్టునీడ
ఎల్క్‌దారి గారూ, అంకె నిజమే, కారణం ఒక్కటి కాదు. 1996–97 చలికాలం మందను గట్టిగా దెబ్బతీసింది. పార్కు బయట గార్డినర్ దగ్గర జనవరి, ఫిబ్రవరిల్లో చూలు ఆడ ఎల్క్‌లను వేటాడే పర్మిట్లు ఏళ్లపాటు వెయ్యికి పైగా ఇచ్చారు. ఆ తర్వాత కరువు వచ్చింది. కౌగర్లు (పెద్ద అడవి పిల్లులు) పెరిగాయి. అప్పుడే పుట్టిన ఎల్క్ దూడలకు రేడియో ట్యాగులు పెట్టి చేసిన పరిశీలనలో, తొలి వారాల్లో సగానికి పైగా చావులు ఎలుగుబంట్ల వల్లే. తోడేళ్ల వాటా దానికి చాలా తక్కువ. శీతాకాలంలో పెద్ద ఎల్క్‌ల విషయంలో తోడేళ్ల వాటా ఎక్కువ, అది ఒప్పుకుంటాను.

ఎల్క్‌దారి
ఒప్పుకుంటాను. కానీ శాఖలు, పార్కు చాలాకాలం బయటికి చెప్పింది "తోడేళ్లు నదుల్ని మార్చేశాయి" (ఎల్క్‌లు తగ్గి, చెట్లు పెరిగి, గట్లు నిలబడ్డాయి) అనే అందమైన కథ. మంద తగ్గడం గురించి వేటగాళ్లు అడిగితే "సంక్లిష్టం" అన్నారు. మంచి జరిగితే తోడేళ్ల వల్ల, చెడు జరిగితే సంక్లిష్టం. మనుషులకు అది తెలిసిపోతుంది.

చట్టంచూపు
ఉత్తర రాకీల్లో అసలు పుండు "300" అనే అంకె. వివరంగా రాస్తాను, ఎందుకంటే రెండు వైపులా దీన్ని తమకు నచ్చినట్టు వాడుకుంటున్నాయి.

1995, 1996ల్లో కెనడా నుంచి 66 తోడేళ్లను తెచ్చారు. ఎల్లోస్టోన్‌లో 31, మధ్య ఐడహోలో 35. అంతరించే జాతుల చట్టంలో 1982లో చేర్చిన 10(జె) కింద వాటిని "ప్రయోగాత్మక జనాభా" అన్నారు. అంటే మామూలు రక్షణ కంటే కొంత సడలింపు, పశువుల మీద పడితే చంపే వీలు. లక్ష్యం: మోంటానా, ఐడహో, వయోమింగ్ మూడు రాష్ట్రాల్లో కలిపి 30 పిల్లలు పెట్టే జంటలు, 300 తోడేళ్లు, వరసగా మూడేళ్లు. 2002 చివరికి అది నెరవేరింది.

రాంచర్ (పశువులు పెంచేవాడు) ఏమనుకున్నాడు? ఇక రక్షణ తీసేస్తారని. ఏం జరిగింది? వయోమింగ్ ప్రణాళికను 2004లో ఫెడరల్ శాఖ తిప్పికొట్టింది. 2008లో రక్షిత జాతుల జాబితా నుంచి తీసేశారు, ఆ జులైలోనే ఫెడరల్ జడ్జి డొనాల్డ్ మొల్లోయ్ ఆపారు. 2009లో మోంటానా, ఐడహోలకు మళ్లీ తీశారు. 2010 ఆగస్టులో అదే జడ్జి, ఒకే జనాభాను రాష్ట్ర సరిహద్దుతో కోయకూడదని కొట్టేశారు. చివరికి 2011 ఏప్రిల్‌లో కాంగ్రెస్ బడ్జెట్ బిల్లులో ఒక సెక్షన్ పెట్టి తీసేసింది. అప్పటికి తోడేళ్లు 1,600 దాటాయి. వయోమింగ్‌కు 2012లో తీశారు, 2014లో కోర్టు తిరిగి పెట్టింది, 2017లో మళ్లీ తీశారు.

రాంచర్ దృష్టిలో "300 అన్నారు, 1,600 అయ్యాయి, గీత జరుపుతూనే ఉన్నారు". తోడేళ్ల సంఘాల దృష్టిలో "300 అనేది కనీసం, గరిష్ఠం కాదు. పైగా కోర్టు ద్వారా కాకుండా బడ్జెట్ బిల్లులో దొడ్డిదారిన తీసేశారు". తోడేళ్లను తేవడానికి ముందు రాసిన 1994 పత్రాల ప్రకారం అది కనీసమే. కానీ గ్రామాల్లో సమావేశాలు పెట్టినప్పుడు దాని తర్వాత ఏం జరుగుతుందో, ఎంత దాకా పెరగనిస్తారో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. 300 తర్వాత వచ్చే అంకె కూడా అదే రోజు చెప్పాల్సింది.

కొండవాలు
దీనికి వయోమింగ్ సరిహద్దును కూడా కలపాలి. ఆ రాష్ట్రంలో సుమారు 85 శాతం భూమిలో తోడేలును "ప్రిడేటర్"గా లెక్కిస్తారు. లైసెన్సు లేకుండా ఏడాది పొడవునా చంపవచ్చు, పది రోజుల్లోగా తెలియజేస్తే చాలు. 2021లో కొలరాడో జాక్సన్ కౌంటీలో సహజంగా వచ్చిన జంట ఆరు పిల్లల్ని కంది. ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఆ రాష్ట్రంలో పుట్టిన తొలి పిల్లలవి. గీత దాటి ఉత్తరానికి పోతే వాటికి ఏ రక్షణా లేదు. కొలరాడో శాఖ ఎంత బాగా పనిచేసినా పక్క రాష్ట్రం చట్టం దాని చేతిలో లేదు.

చెట్టునీడ
ఇప్పుడు విస్కాన్సిన్. శాఖ మీద తోడేళ్ల సంఘాలకు నమ్మకం పోయిన రోజులు అవి.

2021 జనవరిలో ఫెడరల్ రక్షణ తొలగింది. శాఖ నవంబరులో సీజన్ పెడదామనుకుంది. ఒక వేట సంఘం కోర్టుకు వెళ్లి ఫిబ్రవరిలోనే పెట్టమని ఉత్తర్వు తెచ్చింది. కోటా 200. అందులో 81 ఒజిబ్వే మూలవాసి తెగలకు, 119 రాష్ట్ర లైసెన్సుదారులకు. ఒజిబ్వేలు తమ వాటాను చంపడానికి వాడుకోలేదు, తోడేలు వాళ్లకు బంధువు లాంటిది. ఫిబ్రవరి 22న వేట మొదలైంది. మూడు రోజులు పూర్తికాకముందే 218 తోడేళ్లు పోయాయి.

లెక్కలపుస్తకం
ఎలా దాటిందో యంత్రాంగం చూడండి, ఇది ఏ రాష్ట్రానికైనా పాఠం. మామూలుగా ఒక్కో తోడేలుకు 10 లైసెన్సులు ఇస్తే, ఈసారి 20 చొప్పున అనుమతించారు. 1,547 అమ్ముడయ్యాయి. తాజా మంచు పడి జాడలు స్పష్టంగా ఉన్నాయి. కుక్కలతో వేటకు అనుమతి ఉంది, చనిపోయినవాటిలో 86 శాతం అలా చనిపోయినవే. చంపినవాడు 24 గంటల్లోగా నమోదు చేస్తే చాలు. వేట జోన్ మూయాలంటే చట్టం ప్రకారం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే శాఖకు అంకె తెలిసేసరికి ఒక రోజు, మూసేసరికి ఇంకో రోజు. ఈ రెండు రోజుల్లో ఎంత పోతుందో ముందే లెక్క వేసి, కోటాలో సగం రాగానే నోటీసు ఇచ్చి ఉంటే ఇంత దాటేది కాదు. నమోదు గడువును కొన్ని గంటలకు తగ్గించడం, లైసెన్సుల నిష్పత్తి తగ్గించడం... ఇవి కష్టమైన పనులు కావు.

ఆ అక్టోబరులో ఒక రాష్ట్ర కోర్టు శరత్కాలపు వేటను ఆపింది. 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి జెఫ్రీ వైట్ రక్షణను మళ్లీ తెచ్చారు, ఉత్తర రాకీలు మినహాయించి.

మేతభూమి
లెక్కలపుస్తకం గారూ, లెక్కింపు సంగతి కూడా చెప్పండి. మోంటానాలో "వెయ్యికి పైగా ఉన్నాయి" అని శాఖ అంటుంది, రెండు పక్షాలూ నమ్మవు.

లెక్కలపుస్తకం
మోంటానా వాడేది ఒక మోడల్. రాష్ట్రాన్ని 600 చదరపు కిలోమీటర్ల గడులుగా విడగొడతారు. వేటగాళ్లకు ఫోన్ చేసి "ఈ సీజన్లో రెండు నుంచి 25 తోడేళ్లను కలిపి ఎక్కడైనా చూశారా" అని అడుగుతారు. ఆ జవాబులతో ఏ గడిలో గుంపు ఉండే అవకాశం ఎంతో అంచనా. అలా తేలిన మొత్తం తోడేళ్ల విస్తీర్ణాన్ని ఒక్కో గుంపు ఆక్రమించే విస్తీర్ణంతో భాగిస్తే గుంపుల సంఖ్య, సగటు గుంపు పరిమాణంతో గుణిస్తే తోడేళ్ల సంఖ్య. ఒంటరిగా తిరిగేవాటికి కొంత కలుపుతారు.

ఎక్కడ తప్పుతుంది? కొయోటీని చూసి తోడేలనుకుంటే గడి తప్పుగా నిండుతుంది. ఒకే గుంపును రెండు గడుల్లో ఇద్దరు చూస్తే రెండుగా లెక్కపడవచ్చు. వేట ఎక్కువైన ఏళ్లలో గుంపులు చిన్నవవుతాయి, చీలుతాయి, ఖాళీ అవుతాయి. పాత సగటునే వాడితే జనాభా తగ్గినా అంకె తగ్గదు. ఇవన్నీ శాఖకు తెలుసు, సరిచేసే ప్రయత్నం ఉంది. కానీ పత్రికల్లో ఎక్కువగా కనబడేది మధ్య అంకె ఒక్కటే. పైన, కింద ఎంత తేడా రావచ్చో మొదటి వాక్యంలోనే రాస్తే అనుమానించేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

పొద్దుగూకులు
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. "కెనడా నుంచి తెచ్చినవి ఇక్కడి జాతి కావు, రాక్షస తోడేళ్లు" అనీ, "శాఖ రాత్రిపూట రహస్యంగా వదులుతోంది" అనీ రోజూ చదువుతుంటాను. వీటిలో నిజమెంత?

అడుగుజాడ
మొదటిది. 1995లో పట్టింది ఆల్బర్టాలోని హింటన్ దగ్గర, 1996లో బ్రిటిష్ కొలంబియా ఈశాన్యంలో. తోడేలు వందల కిలోమీటర్లు నడిచే జంతువు. సరిహద్దు దాటి అవి ఎలాగూ వస్తున్నాయి. 1986లోనే గ్లేసియర్ నేషనల్ పార్కులో పిల్లలు పెట్టాయి, ఎవరూ తేకుండానే. ఈశాన్య ఒరెగాన్‌లో పుట్టిన ఓఆర్-7 అనే తోడేలు 2011 డిసెంబరులో కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది. అలాంటి నడక ఉన్న జంతువుకు "ఇక్కడి జాతి, అక్కడి జాతి" అని గీత గీయడం కుదరదు. ఎల్లోస్టోన్‌లో పెద్ద మగది సగటున 110 పౌండ్లు. అక్కడ తూచినవాటిలో అతి పెద్దది 148 పౌండ్లు. 200 పౌండ్లని ఫోటో కింద రాసేవాళ్లు కెమెరాకు దగ్గరగా పట్టుకుని తీసినవాళ్లు.

రెండోది, రహస్య విడుదల. ఇది అమెరికా ఒక్కదానికే పరిమితం కాదు. ఫ్రాన్స్‌లో మెర్కాంటూర్ పార్కులో 1992 నవంబరులో తోడేళ్లు కనిపించాయి. జనానికి అధికారికంగా తెలిసింది 1993 వసంతంలో. ఇటలీ నుంచి కొండలెక్కి వచ్చాయని డీఎన్‌ఏ చెప్పింది. పార్లమెంటు విచారణ సంఘం కూడా 2003లో దాన్ని చూసింది. అయినా "మీరే తెచ్చి వదిలారు" అనే మాట ఇప్పటికీ ఆగలేదు. ఆ కొన్ని నెలల మౌనం దానికి చాలినంత మేత పెట్టింది.

కొలరాడోలో మొదటి విడుదల చోటును ముందుగా చెప్పకపోవడానికి కారణం ఉంది: సిబ్బంది, తోడేళ్ల భద్రత, ఆ భూమి యజమాని భద్రత. చోటు చెప్పకపోవడం సరే. పక్క పొలాలవాళ్లకు ఆ రాత్రికైనా ఫోన్ చేసి "మీ వైపు వదిలాం" అనడం కుదరనిది కాదు.

చట్టంచూపు
ఇంకో రహస్యం గురించి ఎవరూ మాట్లాడటం లేదు, కాలర్ (మెడపట్టీ) డేటా. కొలరాడోలో వదిలినవాటికి జీపీఎస్ కాలర్లు ఉన్నాయి, కొన్ని గంటలకోసారి చోటు నమోదవుతుంది. జనానికి ఇచ్చేది నెలకోసారి వచ్చే పటం, అందులో నదీ పరీవాహక ప్రాంతాలకు రంగు పూస్తారు. ఆ ముప్పై రోజుల్లో ఒక్క తోడేలు ఒక్కసారి ఆ ప్రాంతం అంచు తాకినా మొత్తం రంగు పడుతుంది. చూసేవాడికి కౌంటీ అంతా తోడేళ్లతో నిండినట్టు ఉంటుంది. రాంచర్‌కు అది ఎందుకూ పనికిరాదు, పట్నంవాడికి భయం మాత్రం పెడుతుంది.

వాషింగ్టన్ రాష్ట్రం వేరే దారి పట్టింది. ఎవరికీ చెప్పబోమని ఒప్పందం మీద సంతకం చేసిన పశువుల యజమానికి గుంపుల చోట్లు చూసే వీలిస్తారు. డేటా బయటికి పొక్కితే వీలు పోతుంది. ఆ రాష్ట్రంలోనే 2017లో రాసుకున్న నియమం కూడా చూడదగ్గది: 30 రోజుల్లో మూడు, లేదా పది నెలల్లో నాలుగు దాడులు జరిగితే, అప్పటికే కనీసం రెండు ముందుజాగ్రత్త పద్ధతులు వాడి ఉంటే, చంపడం గురించి ఆలోచిస్తారు. అంకె నచ్చనివాళ్లు రెండు వైపులా ఉన్నారు. కానీ అంకె ముందే రాసి ఉంది. కొలరాడోలో "పదేపదే చంపడం" అంటే ఎన్నిసార్లో రాయకుండానే తోడేళ్లను వదిలారు, దెబ్బలు తిన్నాక రాశారు.

ఎల్క్‌దారి
చంపడానికి అనుమతిస్తే జనం శాంతిస్తారు, దొంగవేట తగ్గుతుంది అంటారు కదా. అది నిజమేనా?

చెట్టునీడ
విస్కాన్సిన్, మిషిగన్ డేటాతో 2016లో వచ్చిన ఒక పరిశోధన పత్రం దానికి తలకిందులుగా తేల్చింది: ప్రభుత్వం చంపడానికి అనుమతిచ్చిన కాలాల్లో దొంగవేట పెరిగినట్టు ఉందని. దాని గణితాన్ని ఇతర శాస్త్రవేత్తలు తప్పుపట్టారు, వాదన తెగలేదు. నష్టపరిహారం గురించి కూడా విస్కాన్సిన్‌లో 2003లో చూశారు. డబ్బు అందుకున్నవాళ్లు అందుకోనివాళ్ల కంటే తోడేళ్ల పట్ల ఎక్కువ ఓర్పుతో ఏమీ లేరు. పరిహారం న్యాయం, కాబట్టి ఇవ్వాలి. దానితో మనసులు మారతాయని లెక్క వేసుకోకూడదు.

మేతభూమి
ఆఖరుగా పనికొచ్చే ప్రశ్న. ఈనే కాలంలో ఫ్లాడ్రీ, అంటే జెండాల తాడు, కట్టమని శాఖవాళ్లు ఇస్తున్నారు. "కట్టాం, పనిచేయలేదు, శాఖ మాట అబద్ధం" అని కొందరు. ఎక్కడ చెడుతోంది?

అడుగుజాడ
ముప్పాతికవంతు కట్టడంలోనే చెడుతోంది. జెండా అర మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, ఎర్రది. తాడు మీద దాదాపు అర మీటరుకొకటి. జెండా కింది అంచు నేలకు 15 సెంటీమీటర్లు ఉండాలి. పల్లం వచ్చిన చోట అదే తాడును చదునుగా లాగితే కింద సందు పడుతుంది, తోడేలు అక్కడే దూరుతుంది. అక్కడ అదనపు కర్ర పాతి తాడును కిందికి దించాలి. కంచెకు మీటరు బయట కట్టాలి, లేకపోతే ఆవులు జెండాలు నమిలేస్తాయి.

గాలికి జెండాలు తాడు చుట్టూ మెలిపడతాయి. రోజుకొకసారి నడిచి విప్పాలి. కరెంటు తీగతో వచ్చే రకమైతే గడ్డి తగిలిన చోట కరెంటు నేలలోకి పోతుంది, మంచు పడ్డాక కింది భాగం పూడిపోతుంది. రెండూ చూడాలి.

ఎక్కువకాలం వదిలేస్తే తోడేళ్లకు అలవాటైపోతుంది. సుమారు 60 రోజులే దాని పని. కాబట్టి తోడేళ్లు రాకముందు కట్టకుండా, చుట్టుపక్కల కదలిక కనబడ్డాక, ఈనే పొలం చుట్టూ మాత్రమే కట్టాలి. వేల ఎకరాల వేసవి మేతభూమికి ఇది పనికిరాదు, అక్కడ రేంజ్ రైడర్లే దారి. ఈ హద్దులు ఇచ్చేరోజే కాగితం మీద రాసిస్తే "అబద్ధం" అనే మాట రాదు.

కొండవాలు
ఒక చేర్పు. జెండాలు కట్టిన పొలంలో ఈనినప్పుడు పడ్డ మాయలు, చచ్చిపుట్టిన దూడలు అదే రోజు తీసేయాలి. లోపల వాసన ఉంటే 60 రోజులు కాదు, పది రోజులు కూడా ఆగవు.

చట్టంచూపు
కొలరాడోలో ఉన్నవాళ్ల కోసం: 10(జె) నియమం కింద పశువు మీద పడుతున్న తోడేలును చంపే వీలుంది. అయితే 24 గంటల్లోగా తెలియజేయాలి, పశువు మీద తోడేలు పడినట్టు ఆధారం చూపించాలి. దూరంగా నడిచిపోతున్న తోడేలు ఆ లెక్కలోకి రాదు. మేత వేసి రప్పించడం కుదరదు. చోటును కదపకుండా ఉంచండి, అడుగుజాడ పైన రాసిన టార్పాలిన్, బకెట్ల పద్ధతి ఇక్కడ కూడా వర్తిస్తుంది.